పుష్పవతి విన్న మాట

జగ్గయ్యపేట బజారులో నా చీరల ఫాల్స్ కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది ఉషశ్రీ ట్రేడర్స్. కందిపప్పు, మినపప్పు, చింతపండు, ఎండుమిర్చి, అన్నీ హోల్‌సేల్. కూతురు పుట్టిన ఏడాదే వెంకటకృష్ణారావు గారు ఆ కొట్టు తెరిచి పిల్ల పేరే పెట్టుకున్నారు. మూడేళ్ల కిందట ఆ పేరు తన ఇంట్లో వినపడకూడదని శాసనం చేసింది కూడా ఆయనే. ఆయన శాసనం చేశారు గానీ ఆ పేరు బోర్డు మీద ఉంది, బిల్లుల మీద ఉంది, టాటా ఏస్ బండి వెనకాల ఉంది, ఆఖరికి పప్పు సంచుల మీదా అచ్చయి ఉంది. పొద్దస్తమానం ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఉషశ్రీయేనా అండీ?" అని అడుగుతారు. ఆయన "ఆఁ, చెప్పండి" అంటారు. ఎదురుగా కూర్చుని ఇది చూడటం నాకు వినోదంగా ఉండేది. ఆయన మీద నాకున్న కోపానికి ఆ మాత్రం వినోదం న్యాయమే అనుకునేదాన్ని.

నేను చెప్పాలనుకున్నది మాత్రం ఆయన గురించి కాదు, ఆయన భార్య పుష్పవతి గురించి.

పుష్పవతిది మధిర. పద్దెనిమిది నిండగానే మేనత్త కొడుక్కి ఇచ్చి చేశారు. ఆ మేనత్త కొడుకే వెంకటకృష్ణారావు గారు. వాళ్లలో మేనరికాలు కొత్త కాదు. పుష్పవతి అమ్మమ్మా తాతలదీ మేనరికమే. కొట్టు వెనక గదిలో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లతో పాటు కూర్చుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తానూ తీసేది. షావుకారు గారి భార్యవు, నీకెందుకీ ఘాటు అంటే, ఊరికే కూర్చుంటే తోచదక్కా అనేది. తుమ్ముతూ, ముక్కు తుడుచుకుంటూ నా కొట్టుకు వచ్చి మంచినీళ్లు తాగి పోయేది.

ఆవిడలో నాకు అంతుపట్టనిది ఒక్కటే. ఎవరినీ ఏదీ అడిగేది కాదు. పెళ్లిరోజున భర్త ఏం కావాలని అడిగితే "ఇప్పుడేం వద్దులెండి, ఎప్పుడైనా అడుగుతా" అనేది. ఇది నేను నా చెవులతో విన్నాను, ఏటేటా విన్నాను. నీ అడగటం ఏ యుగంలోనమ్మా అని ఆటపట్టించేదాన్ని. నవ్వి ఊరుకునేది.

ఉషశ్రీ ఇంజనీరింగ్ చదివి చందర్లపాడు సచివాలయంలో ఉద్యోగంలో చేరింది. అక్కడే పనిచేసే బెన్ని అనే నందిగామ కుర్రాణ్ని ఇష్టపడింది. ఇంట్లో చెప్పింది, కాదన్నారు, వెళ్లి పెళ్లి చేసుకుంది. బాప్తిస్మం తీసుకుని జాయిస్ అయింది. వెంకటకృష్ణారావు గారు అరవలేదు, కొట్టలేదు. మామూలుగా అన్నం తిని చెయ్యి కడుక్కుని, ఆ పేరు ఈ ఇంట్లో వినపడకూడదు, ఇక్కణ్నుంచి ఎవరన్నా అక్కడికి పోతే మళ్లీ ఈ గడప తొక్కక్కర్లేదు అన్నారట. పుష్పవతి నోరెత్తలేదు. అప్పుడు నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. కడుపున పుట్టిన పిల్ల కోసమైనా ఒక్క మాట అడగలేవా అని నిలదీశాను.

"అడిగే టైము రావాలి కదక్కా," అంది.

అది పిరికితనం అనుకున్నాను. ఆవిడ గురించి నేను అనుకున్నవి చాలావరకు తప్పులే.

మొన్న ఫిబ్రవరిలో కొడుకు రాజ్‌కిరణ్‌కు సంబంధం వచ్చింది. పిల్ల తరఫువాళ్లు వారంలో కొట్టు, ఇల్లు చూడటానికి వస్తామన్నారు. బోర్డు చూసి ఉషశ్రీ ఎవరండీ అని అడిగితే ఏం చెప్పాలి? అందుకని వెంకటకృష్ణారావు గారు పేరు మార్పించడానికి పూనుకున్నారు. ఫ్లెక్సీల కాలంలో కూడా అది రంగులతో రాసిన పాత బోర్డు. ఆ రోజు పొద్దున్నే పెయింటర్ బుల్లిబాబు నిచ్చెన వేసుకుని గీకుడు మొదలుపెట్టాడు. కుట్టుమిషను దగ్గర కూర్చుని చూస్తున్నాను. 'ఉ' పోయింది. కాసేపటికి 'ష' కూడా పోయింది. బుల్లిబాబు దిగి టీ తాగడానికి వెళ్లాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆ పెద్దమనిషి ఒక్కసారి కూడా తల ఎత్తి పైకి చూడలేదు.

అప్పుడే పుష్పవతి రోడ్డు దాటి నా దగ్గరకు వచ్చింది. వెనకాలే రాజ్‌కిరణ్. అక్కకూ వాడికీ మధ్య దొంగచాటుగా మెసేజీలు నడుస్తాయని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు, తెలియనిది ఆయన ఒక్కరికే. బెన్ని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చిందట. ఉషశ్రీకి ఎనిమిదో నెల. పొద్దున ఉన్నట్టుండి రక్తం పోవడం మొదలైంది. నందిగామలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. వెంటనే ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలి, ఆపరేషన్ గదిలోకి తీసుకెళుతున్నారు.

"ఫోనియ్యక్కా," అంది పుష్పవతి. ఆవిడ నోట ఇవ్వమనే మాట వినడం నాకదే మొదలు. బెన్నికి చేసింది. ఎత్తలేదు. ఉషశ్రీకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఆపరేషన్లు ఎంతమందికి కావడం లేదు, ధైర్యంగా ఉండు అన్నాను.

"ఆపరేషన్ కాదు, మత్తు," అంది. "దానికి మత్తిస్తే చచ్చిపోతది. ఆ సంగతి వాళ్లకు తెల్వదు."

రాజ్‌కిరణ్ తండ్రికి ఏం చెప్పాడో, లోడు ఉందన్నాడో ఏమో, టాటా ఏస్ తెచ్చి సందు చివర ఆపాడు. షట్టరు సగం దించి నేనూ ఎక్కాను. ఎందుకెక్కానంటే, ఆవిడ మొహం చూసి ఒంటరిగా పంపబుద్ధి కాలేదు. మా ఇద్దరికీ ఆ ముందు సీటు చాలలేదు. మిర్చి ఘాటు బండిలో ఇంకా ఉంది.

హైవే ఎక్కేదాకా పుష్పవతి బెన్నికి ఫోన్ చేస్తూనే ఉంది. ఆ తర్వాత, కొడుకు వింటున్నాడని కూడా చూసుకోకుండా, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పనిది చెప్పింది.

రాజ్‌కిరణ్ పాకే వయసులో ఉండగా ఆవిడకు అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. అది నాకు గుర్తే. కాస్త ఆలస్యంగా తెలివొచ్చిందని మాకు చెప్పారు. అసలు జరిగింది వేరు. ఆపరేషన్ అయిపోయాక పుష్పవతికి ఊపిరి రాలేదు. రబ్బరు సంచితో చేత్తో నొక్కుతూ గాలి పోశారు. చెయ్యి కదలదు, కాలు కదలదు, కనురెప్ప లేవదు. మనిషి పోయినట్టేనని అందరూ అనుకున్నారు. కానీ ఆవిడకు తెలివి ఉంది.

"అన్నీ వినపడుతున్నయక్కా. మా అత్త ఏడవటం, డాక్టరు లాభం లేదనటం, అన్నీ. నేనున్నా, నేనున్నా అని లోపల అరుస్తున్నా. నోరు నాది కాదు. బతికుండగానే పాడె కట్టేస్తరేమోనని భయం. ఇంకా చాలా విన్నాలే." అక్కడ ఆగిపోయింది.

సాయంత్రానికి ఊపిరి దానంతటదే వచ్చింది. ఆ రోజు వచ్చిన మత్తు డాక్టరు వెళ్తూ వెళ్తూ, మీ రక్తంలో ఒక ఎంజైము లేదమ్మా, మీ వైశ్యుల్లో కొందరికి ఇది ఉంటుంది, ఇకమీద ఎక్కడ మత్తిచ్చినా ముందే చెప్పండి, పిల్లలిద్దరికీ రక్తపరీక్ష చేయించండి అని మరీ మరీ చెప్పాడట. అత్తగారు విని, ఇంట్లో ఆడపిల్ల ఉంది, ఇలాంటిది బయటికి పొక్కితే రేపు దాన్ని ఎవరు చేసుకుంటారు అంది. పరీక్ష చేయించలేదు. పిల్లలకు చెప్పలేదు. ఆవిడ పోయి చాలాకాలమైంది, ఆవిడ మాట మాత్రం ఆ ఇంట్లో అలాగే ఉండిపోయింది. ఇంటి పరువు అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పరువు ఇప్పుడు ఆపరేషన్ బల్ల మీద పడుకుని ఉంది.

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర లారీల వరస. గేటు లేచేలోగా రాజ్‌కిరణ్ స్టీరింగ్ మీద తల ఆనించాడు. బండి దాటగానే అమ్మా, టోల్ మెసేజ్ నాన్న ఫోనుకే పోతుంది అన్నాడు. నందిగామ వైపు పోతున్నామని ఆయనకు తెలిసిపోయినట్టే.

"పోనీ," అంది పుష్పవతి.

మేము వెళ్లేసరికే ఆలస్యమైపోయింది. నర్సింగ్ హోమ్ మెట్ల మీద బెన్ని తండ్రి వరప్రసాదరావు గారు నిలబడి ఉన్నారు. రిటైరైన హెడ్మాస్టరు, తెల్లచొక్కా మనిషి. మమ్మల్ని ఎప్పుడూ చూడకపోయినా పుష్పవతిని చూడగానే పోల్చుకున్నారు. తల్లీకూతుళ్లది ఒకటే మొహం. ఆడపిల్ల పుట్టిందమ్మా, దక్కింది అన్నారు. అమ్మాయి మాత్రం లేవడం లేదన్నారు. రక్తం ఆపారు, కుట్లు వేశారు, మత్తు వదలాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది, ఊపిరి లేదు, కదలిక లేదు. రక్తం బాగా పోయింది కాబట్టి మెదడుకు దెబ్బ తగిలి ఉండొచ్చని డాక్టర్లు అంటున్నారు. దేవుణ్ణి ప్రార్థించుకోమన్నారు.

పుష్పవతి తిన్నగా లోపలికి నడిచి, మత్తు డాక్టరు ఎవరని అడిగింది. నలభై దాటని మనిషి, చెమటకు తడిసిపోయి ఉన్నాడు.

"మేం వైశ్యులమండీ. ఆ పిల్ల నా కూతురు, ఉషశ్రీ. జాయిస్ పెళ్లయ్యాక పెట్టిన పేరు. నాకూ ఇట్లాగే అయింది."

ఆ డాక్టరు ఆవిడ వంక ఒక్క క్షణం చూసి గోడకు చేరగిలబడ్డాడు. ఎవరూ చెప్పలేదేమ్మా అన్నాడు. పక్కన ఉన్న నర్సు, నేను అడిగానండీ అంది. అడగడం వాళ్లకు అలవాటేనట. మత్తిచ్చే ముందు పేరు చూస్తారు, అనుమానం ఉంటే వైశ్యులా అని అడుగుతారు. కేస్ షీట్ మీద జాయిస్ అని ఉంది. అయినా ఆ నర్సు అడిగింది. మీరేవుట్లండీ, వైశ్యులు కాదు కదా అని వరప్రసాదరావు గారినే అడిగింది.

ఆయన జీవితమంతా ఆ ప్రశ్నకు మండిపోయిన మనిషి. నందిగామలో అద్దె ఇంటికి వెళితే అదే ప్రశ్న, బడిలో స్టాఫ్ రూములో మంచినీళ్ల కుండ దగ్గర అదే ప్రశ్న. తన పిల్లలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పకూడదని పెంచారు. కోడలికి రక్తం పోతుంటే అక్కడ కూడా అదే వినపడేసరికి, ఆసుపత్రిలో కూడా కులం కావాలా తల్లీ, మేం క్రిస్టియన్లం, అంతే రాసుకో అన్నారు. నర్సు తల దించుకుని వెళ్లిపోయింది. కోడలి పుట్టింటి కులం ఆయనకు గుర్తు రాలేదు. కులాన్ని చూడకూడదని నేర్చుకున్న మనిషికి గుర్తొస్తే కదా.

ఇప్పుడు నర్సు మాట విని ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. నా నోటితో నేనే చంపుకున్నానమ్మా అన్నారు. ఎవరినైనా తిట్టడానికి నాకు క్షణం పట్టదు. ఆయన్ని తిట్టడానికి మాత్రం నోరు రాలేదు.

పుష్పవతి ఆయన ముందు వంగింది. "అన్నయ్య గారూ, మీకు తెలియక చెప్పలేదు. మేం తెలిసి దాచాం. మీరు లేవండి."

డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి, సంగతి విడమర్చి చెప్పాడు. గొంతులోకి గొట్టం వేయడానికి ముందు ఒంట్లో కండరాలన్నీ ఒక్కసారి వదులైపోయే మందు ఇస్తారు. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చే వ్యవధి ఉంటే దీని అవసరమే రాదు, రక్తం అంతలా పోతుంటే వ్యవధి లేదు. మామూలు మనుషుల రక్తంలో బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది ఆ మందును కొద్ది నిమిషాల్లోనే విరగ్గొట్టేస్తుంది, ఊపిరి మళ్లీ వచ్చేస్తుంది. ఆ ఎంజైమును తయారు చేయించే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి పాడైనా ఇంకోటి కాస్తుంది. రెండూ పాడైతే ఆ మందు విరగదు. గంటల తరబడి ఒంట్లోనే ఉండిపోతుంది, ఊపిరితిత్తులను ఆడించే కండరం కూడా పనిచేయదు. అది తప్ప మనిషికి ఏ లోటూ ఉండదు. నిండు నూరేళ్లూ బతికి, ఆ మందు ఒంట్లో పడకపోతే, అలాంటిది ఒకటుందని కూడా తెలియకుండానే వెళ్లిపోవచ్చు. తరతరాలుగా తమలో తామే ఇచ్చిపుచ్చుకునే వాళ్లలో ఇలా రెండు పాడైన జన్యువులు ఒక మనిషిలో కలిసే అవకాశం ఎక్కువట. పుష్పవతిలో రెండూ పాడైనవే. మేనత్త కొడుకులో ఒకటి ఉండి ఉంటుంది. ఆ ఒకటి ఉషశ్రీకి వచ్చింది.

అంటే బతుకుతుందిగా అని రాజ్‌కిరణ్ అడిగాడు. డాక్టరు, ఎంజైము వల్లే అయితే ఊపిరి వస్తుంది, వచ్చేదాకా మనం పోయాలి అన్నాడు. కానీ మెదడుకు కూడా దెబ్బ తగిలిందో లేదో లేచేదాకా చెప్పలేనన్నాడు. అక్కడ వెంటిలేటర్ లేదు. అది ఉన్న అంబులెన్సు విజయవాడ నుంచి రావాలి. వచ్చినా, బీపీ నిలబడితే తప్ప మనిషిని కదపకూడదు. బీపీ పడిపోయి ఉండటంతో నిద్రమందు కూడా గట్టిగా ఇవ్వలేకపోతున్నామన్నాడు.

"అయితే దానికి వినపడుతుంది," అంది పుష్పవతి.

డాక్టరు కాదనలేదు. ఆవిడను లోపలికి పంపించాడు. తలుపు దగ్గర నన్ను కూడా ఉండనిచ్చారు.

ఉషశ్రీని అలా చూడాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. నా కొట్టు మెట్ల మీద కూర్చుని రంగు దారాలు చిక్కులు చేసిన పిల్ల. మొహం తెల్లబడి, నోట్లో గొట్టం, కళ్ల మీద ప్లాస్టర్ ముక్కలు. తల దగ్గర బెన్ని నిలబడి రబ్బరు సంచి నొక్కుతున్నాడు. నొక్కితే ఛాతీ లేస్తుంది, వదిలితే పడిపోతుంది. వాడు ఏడుస్తూనే నొక్కుతున్నాడు. నన్ను వదిలి పోవద్దు, పోవద్దు అని అంటున్నాడు.

"ఆ మాటలు అనకు నాయనా," అంది పుష్పవతి. అల్లుడితో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే. "పోతున్నానేమోనని అది భయపడుతుంది."

తర్వాత కూతురి చెవి దగ్గర కూర్చుంది.

"ఉషా, అమ్మను. కదల్లేకపోతున్నావు, నాకు తెలుసు. నువ్వు చచ్చిపోలేదు. ఊపిరి అందట్లేదని భయపడకు, బెన్ని పోస్తున్నాడు. ఆ మందు దానంతటదే పోద్ది. నాకు పోయింది, నీకూ పోద్ది. నీకు ఆడపిల్ల పుట్టింది. బతికే ఉంది. పక్క గదిలోనే ఉంది."

మూడేళ్ల మాటలు ఆవిడ దగ్గర పేరుకుపోయి ఉన్నాయి. ఆగకుండా మాట్లాడింది. ఎవరెవరు పోయారో, ఎవరికి పెళ్లయిందో, ఈ ఏడు మిర్చి ధర ఎంత పడిపోయిందో, తమ్ముడికి వచ్చిన సంబంధం ఎక్కడిదో. బోర్డు సంగతి కూడా చెప్పింది. మీ నాన్న నీ పేరు చెరిపిస్తున్నాడే, బుల్లిబాబు రెండక్షరాలు గీకేసాడు, 'శ్రీ' మిగిలింది అంది. వినేవాళ్లకు పిచ్చిదానిలా కనపడుతుంది. లోపల ఉన్న మనిషి ఆ గొంతు పట్టుకుని వేలాడుతోందో, అసలు లోపల మనిషే లేదో, మాలో ఎవరికీ తెలియదు. ఆవిడకూ తెలియదు. గొంతు బొంగురుపోతే నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేది. ఒకసారి బెన్ని చేతులు పట్టేసి సంచి జారింది. పక్కనున్న టెక్నీషియన్ అందుకునేలోపు పుష్పవతి పెట్టిన కేక నాకింకా చెవిలో ఉంది.

మధ్యాహ్నం దాటాక రాజ్‌కిరణ్ వచ్చి, నాన్న వచ్చాడు, కింద ఉన్నాడు, రమ్మంటున్నాడు అన్నాడు. పుష్పవతి లేచింది. కూతురితో, ఇప్పుడే వస్తా, భయపడకు అని చెప్పి మరీ లేచింది. నేనూ వెంట దిగాను.

వెంకటకృష్ణారావు గారు గేటు దగ్గర ఆటో పక్కన నిలబడి ఉన్నారు. కొట్టు మూసేసి వచ్చారు. పండగకు కూడా ఒంటిపూట తెరిచే మనిషి. మొహంలో కోపమే ఉంది, కళ్లలో ఏముందో ఆయన కనపడనివ్వలేదు. పిల్ల ఎలా ఉందని అడగలేదు.

"చూసావుగా. ఇక పద, ఇంటికి పోదాం," అన్నారు.

పుష్పవతి మెట్టు మీదే నిలబడింది.

"మిమ్మల్ని ఒకటి అడగాలండి."

ఆ మాట విని నేనే అదిరిపడ్డాను. ఆయన మరీనూ.

"నాకు ఆపరేషనయిన రోజు నేను పోయాననుకున్నారు. అందరూ బయటికి పోయాక మీరొక్కరే నా పక్కన కూర్చున్నారు. నా చెవి దగ్గర ఏమన్నారో గుర్తుందా?"

ఆయన మొహంలో రక్తం లేదు. ఎవరూ వినలేదనుకున్న మాట అది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎవరి ముందూ బేలపడలేదు. ఆ ఒక్కసారి తప్ప.

"'పుష్పా, లేవే. నువ్వు లేస్తే చాలు, ఏం అడిగినా కాదనను' అన్నారు. నాకు వినపడింది. మీరు ఏడవటం కూడా వినపడింది. నేను లేచాను. ఇన్నేళ్లలో మిమ్మల్ని ఏమీ అడగలేదు. పిల్ల వెళ్లిపోయినప్పుడు కూడా అడగలేదు. ఒక్కసారే అడగ్గలిగిన మాట, ఎంత అవసరం ముందుందోనని దాచుకున్నా. ఇప్పుడడుగుతున్నా. లోపలికి రండి. అది నాలాగే పడుంది. దాన్ని పేరు పెట్టి పిలవండి."

ఆటోవాడు ఇంజను ఆపేశాడు. ఆయన చెప్పులు విప్పి, గుళ్లోకి వెళ్లేవాడిలా జాగ్రత్తగా పక్కన పెట్టి, మెట్లెక్కారు.

గదిలోకి వెళ్లాక బెన్నిని చూడలేదు. మంచం పక్కన నిలబడ్డారు. మిర్చి దుమ్ముకు ఆయన గుండెల్లో ఎప్పుడూ ఒక పిల్లికూత ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో సంచి నొక్కే చప్పుడు, ఆ పిల్లికూత, రెండే వినపడుతున్నాయి. పేరు పెదవుల దాకా వచ్చి ఆగిపోవడం నేను చూశాను. రెండుసార్లు ఆగిపోయింది. అప్పుడాయన వంగి కూతురి చెవిలో అన్నారు.

"లేవమ్మా. నువ్వు లేస్తే చాలు. ఏం అడిగినా కాదనను."

పుష్పవతి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. "అప్పుడు నాకు వినపడదనుకుని అన్నారక్కా," అంది నాతో మెల్లగా. "ఇప్పుడు వినపడుతుందని తెలిసే అంటున్నారు." అప్పుడు ఏడ్చింది. పొద్దున్నుంచి అదే మొదటిసారి.

అయినా ఉషశ్రీ లేవలేదు. అంబులెన్సు వచ్చి కింద ఆగింది. బీపీ ఇంకా కుదుట పడలేదు. తీసుకుపోదామా వద్దా అని డాక్టర్లిద్దరూ వాదించుకుంటున్నారు. వరప్రసాదరావు గారు వరండాలో గోడకేసి తిరిగి ప్రార్థన చేస్తున్నారు, మాట బయటికి రావడం లేదు. పక్క గదిలో పసిపిల్ల ఏడ్చి ఏడ్చి పడుకుంది. ఇంతసేపూ నమ్మకంగా మాట్లాడిన పుష్పవతి కూడా మాటలైపోయి కూతురి వేళ్లు పట్టుకుని ఊరికే కూర్చుంది. అప్పటికి నేను ఆశ వదిలేసుకున్నాను. నిజం చెప్పాలంటే, ఈ ఇద్దరు తండ్రుల్లో ఎవరిని ఎలా ఓదార్చాలా అని ఆలోచిస్తున్నాను.

ఎండ వాలుతుండగా బెన్ని ఒక్కసారి ఉలిక్కిపడ్డాడు. సంచి ఎదురు తన్నింది సార్ అన్నాడు. డాక్టరు పరిగెత్తుకుని వచ్చి సంచి తన చేతిలోకి తీసుకున్నాడు. నొక్కడం ఆపి చూశాడు. ఎవరూ ఊపిరి తీసుకోలేదు. ఛాతీ కొంచెంగా, దానంతటదే లేచింది. పడింది. చాలా సేపటికి మళ్లీ లేచింది.

కళ్ల మీద ప్లాస్టర్లు తీశారు. గొట్టం తీయడానికి ఇంకా చాలా సేపు పట్టింది. ఊపిరి వచ్చింది సరే, ఇప్పుడు మెదడు సంగతి చూడాలి అని డాక్టరు మెల్లగా హెచ్చరించాడు. నీ పేరేంటమ్మా అని అడగబోయాడు. ఆ పిల్ల ఆయన వంక చూడలేదు. తల్లిని చూసింది. తర్వాత, మంచం చివర దోషిలా నిలబడిన తండ్రిని చూసింది. గొంతు గీరుకుపోయి మాట పొడిపొడిగా వచ్చింది.

"నాన్నా, ఏం అడిగినా కాదనను అన్నావుగా. బుల్లిబాబు 'శ్రీ' కూడా చెరిపేసాడా?"

డాక్టరుకు అర్థం కాలేదు. తెలివి తప్పి మాట్లాడుతోందేమోనని మా మొహాలు చూశాడు. పుష్పవతి నోరు కొంగుతో మూసుకుంది. వెంకటకృష్ణారావు గారు గదిలోంచి వరండాలోకి వచ్చి జేబులోంచి ఫోన్ తీశారు. వేళ్లు సరిగా పడక రెండుసార్లు వేరేవాళ్లకు పోయింది. మూడోసారి బుల్లిబాబు ఎత్తాడు. మిగతాది రేపొద్దున గీకేస్తానండీ అన్నాడు.

"గీకొద్దు. తీసేసిన అక్షరాలు మళ్లీ రాయాలి."

వాడి తప్పేం లేదు. కొత్త పేరు రాయడానికి బేరం మాట్లాడుకున్నవాడు. అయితే ఏం రాయాలో సరిగ్గా చెప్పండి షావుకారు గారూ, మళ్లీ తేడా రాకూడదు అన్నాడు.

వెంకటకృష్ణారావు గారు గోడ పట్టుకున్నారు. వరండాలో మేమందరం ఉన్నాం. గది తలుపు తెరిచే ఉంది.

"ఉష," అన్నారు. "ఉషశ్రీ. మా అమ్మాయి పేరు."